గిజిగాడు దిగిన చోటు

నాగర్‌కర్నూలు,
నవంబరు 18

నిజామూ,

ఇది ఫోన్‌లో చెప్పాల్సిన సంగతే. కానీ నీ చెవులు ఇప్పుడున్న తీరులో నేను ఫోన్ పట్టుకుంటే మా వీధంతా వింటుంది, నువ్వొక్కడివే వినవు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆదివారం సాయంత్రం టీవీలో ‘పాతకు ప్రాణం’ అని ఒక కార్యక్రమం వస్తుంది. ముబషిరా అని హైదరాబాదు అమ్మాయి పాత కుట్టుమిషన్లు, గోడ గడియారాలు, గ్రామఫోన్లు బాగుచేసి చూపిస్తుంది. సుగుణ చూస్తుంటే నేను పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాను. ఈసారి పాత బొమ్మ విమానం అన్నారు. అట్టపెట్టె మూత తీశారు. నా ఒళ్లో ఉన్న పల్లీల పళ్లెం కింద పడింది.

గిజిగాడు. మన గిజిగాడే. వెదురు బద్దల రెక్కలు, జీలుగు బెండు పక్కటెముకలు, పైన వంగపండు రంగు గద్వాల పట్టు. రెక్క కింద నేను రాసిన పేరు కూడా చెదరలేదు. ‘గ’ మీద అప్పట్లో నేను పెట్టే తోక చూసి నువ్వు నవ్వేవాడివి, ఆ తోక కూడా ఉంది. వనపర్తిలో చదువుకునే రోజుల్లో, హాస్టల్ వరండాలో మనిద్దరం ఒక ఎండాకాలం అంతా కూర్చుని చేసిన విమానం అది. ఎగిరిన మొదటి రోజే కనబడకుండా పోయిన విమానం, నలభై అయిదేళ్ల తర్వాత నా ఇంట్లో టీవీలోకి వచ్చి కూర్చుంది.

పాన్‌గల్ దగ్గర రామచంద్రయ్య అనే రైతు పొలంలో దొరికిందట. సర్కారు విమానమేమో, చెబితే లోపలేస్తారేమో అని భయపడి అటక మీద దాచేశాడట. ఇప్పుడు ఇల్లు కట్టుకుంటూ అటక విప్పితే బయటపడింది.

ఇక్కడిదాకా సంతోషమే. అసలు సంగతి విను. ఆ అమ్మాయి విమానం ముక్కులోంచి చిన్న గుడ్డ మూట తీసింది. విప్పితే సీసపు గుండ్లు. “ఇవేందో పిల్లలు ఆడుకుంట లోపలేసినట్టున్నరు” అని నవ్వి, పక్కన గిన్నెలో పడేసింది. నేను లేచి నిలబడి టీవీని తిట్టాను. ఆ గుండ్లు లేకపోతే తోక బరువవుతుందని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? తోక బరువైన విమానం లేవగానే ముక్కు పైకెత్తుతుంది, గాలిలో ఒక్క క్షణం నిలబడుతుంది, ఆ తర్వాత తిన్నగా వచ్చి నేలను గుద్దుకుంటుంది. ఫిబ్రవరిలో వనపర్తి మైదానంలోనే దాన్ని ఎగరేస్తామని కూడా చెప్పారు.

మనం అది ఎగరడం చూశాం, దిగడం చూడలేదు. బతుకులో ఒక్క విమానం చేసి, అది దిగిందో కూలిందో తెలియకుండానే ముసలివాళ్లమయ్యాం. ఇప్పుడు కూలితే లోకమంతా చూస్తుండగా కూలుతుంది. నాకు ఆదివారం నుంచి అన్నం సరిగ్గా సహించడం లేదు.

ఇంకో మాట. అది పాన్‌గల్ దాకా పోయిందంటే చుక్కాని నువ్వు నేరుగా వదిలేశావనే కదా అర్థం. కొంచెం వంచి పెట్టి ఉంటే మన తల మీదే గుండ్రంగా తిరిగి దిగేది. ఇప్పటికైనా ఒప్పుకో.

నీ
స్టీఫెన్

గద్వాల,
నవంబరు 27

డ్రాయింగ్ మాస్టరుకు సలాం.

నీ ఉత్తరం వచ్చేసరికే నేను చూశాను. మావాడు వసీం దుకాణంలో ఫోన్ రిపేరు చేస్తూ చేస్తూ, “అబ్బా, గిది మీ ఇమానమే గాదా” అని నా ముందు పెట్టాడు. వాడు చిన్నప్పటి నుంచి ఈ కథ విని విని విసిగిపోయినవాడు. జమీలా కూడా వచ్చి చూసింది. “పెండ్లయిన కాడికెళ్లి చెప్తున్నవ్, నేను గప్పాలనుకున్న. నిజంగనే ఉన్నదా?” అంది. ఇన్నేళ్లు నన్ను అబద్ధాలకోరుతో సమానంగా చూసి, అయినా వండి పెట్టిందని ఆ రోజు తెలిసింది.

ఆ వీడియో కింద జనం రాసినవన్నీ వసీం చదివి వినిపించాడు, అంటే చెవిలో అరిచాడు. ఒకాయన అది చైనా బొమ్మ అని తేల్చేశాడు. ఇంకొకాయన వాళ్ల తాత దగ్గర ఇంతకంటే పెద్దది ఉండేదన్నాడు. బెంగళూరు నుంచి ఎవరో, ఇది లండన్‌లో అచ్చయిన నమూనా చూసి చేసిందని నాలుగు పేరాలు రాశాడు. మనం చూసిన నమూనా హాస్టల్ మీద తిరిగే గద్ద తప్ప ఇంకేదైనా ఉందా? వసీంతో జవాబు రాయించబోతే “అబ్బా, కామెంట్లల్ల కొట్లాడొద్దు, బీపీ పెరుగుతది” అని ఫోన్ లాక్కున్నాడు.

ఆ అమ్మాయి పాత పట్టు ఊడదీయడానికి ఏవేవో ఘాటు మందులు రాస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. అది ఊరికే ఊడుతుందా? పట్టు బిగుసుకోవడానికి మనం పూసింది కిష్టయ్య మగ్గం దగ్గర తెచ్చిన గంజి. నూలుకు పెట్టే గంజే. గోరువెచ్చని నీళ్లు పెడితే చాలు, దానంతటదే వదిలేస్తుంది. ఫోన్ పట్టుకుని “నీళ్లు, నీళ్లు” అని అరిచాను. దుకాణానికి వచ్చిన గిరాకీ ఒకడు పరుగున వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చాడు.

గుండ్ల విషయంలో మాత్రం నీ పక్కనే ఉన్నాను. బీచుపల్లి పోయి, వలలకు గుండ్లు కట్టే వాళ్లను బతిమాలి తెచ్చినవాణ్ణి నేను. ఒక్కొక్కటి వేసి చూస్తూ, రెక్కను రెండు వేళ్ల మీద నిలబెట్టి తూకం కుదిర్చినవాణ్ణి నేను. వాటిని చెత్త అంటుందా? మనం ఎవరమో టీవీ వాళ్లకు చెప్పేద్దాం. వాళ్లే పిలిచి అడుగుతారు.

చుక్కాని నేను వంచే పెట్టాను. నా చేత్తో వంచి, గుండుసూది గుచ్చి, జిగురు పెట్టాను. పాన్‌గల్ దాకా పోయింది నీ వల్ల. మూతెడు ఇంధనం పొయ్యమంటే సీసా ఎత్తి పట్టుకున్నావు. ఆ ఇంజను ఆగితేగా అది దిగేది. ఎన్.సి.సి. సారు పారేసిన ఇంజనుకు నువ్వు పోసిన దాంతో శ్రీశైలం దాకా పోవాల్సింది, పాన్‌గల్‌లో ఆగింది సంతోషించు.

నీ
నిజాముద్దీన్

నాగర్‌కర్నూలు,
డిసెంబరు 14

నిజామూ,

చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు. పోయిన నెల కుట్టుమిషన్ ముసలామెను చూడలేదా నువ్వు? కెమెరా ముందు కూర్చోబెట్టి, వెనక వయొలిన్ పెట్టి, ఆమె కళ్లు తుడుచుకునేదాకా వదిలిపెట్టలేదు. నా దగ్గర చదువుకున్న పిల్లలు జిల్లా అంతా ఉన్నారు. వాళ్లు చూస్తుండగా నేను ఏడవను.

పేరు పెట్టకుండా టీవీ వాళ్లకు ఒక ఉత్తరం మాత్రం రాశాను. ముక్కులో సీసం ఎందుకుందో బొమ్మ గీసి మరీ వివరించాను. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబు వచ్చింది. ఆ విలువైనది ఎవరూ చదవలేదని నా నమ్మకం.

రెండో భాగం చూశావా? నూనె ఇంజను తీసేసి కరెంటు మోటారు పెడుతుందట. పైగా రేడియో కంట్రోలు. కింద నిలబడి మీటలు నొక్కుతుంటే పైన అది చెప్పినట్టు వింటుందట. నువ్వు రేడియోలు బాగుచేసినవాడివి కాబట్టి నీకు నచ్చుతుంది, నాకు తెలుసు. నాకు నచ్చలేదు. మనం దాన్ని వదిలాం, అది తన ఇష్టం వచ్చినట్టు పోయింది. కాలికి దారం కట్టి ఎగరేస్తే అది పిట్ట ఎలా అవుతుంది? ఇంకా ఘోరం, పట్టు బదులు ప్లాస్టిక్ కాగితం అంటిస్తానంటోంది. సుగుణ “రంగు మంచిగున్నది గదా” అంది.

బ్యాటరీ ఎక్కడ పెడుతుందో చూపించలేదు. అందరిలాగే మధ్యలో పెడుతుంది. అంటే ముక్కు ఇంకా తేలికే. ఈ సంగతి నోటి మాటగా చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి రుజువు తయారుచేస్తున్నాను. థర్మోకోల్‌తో అదే కొలతకు ఒక విమానం కోశాను. ముక్కులో బరువు లేకుండా ఒకసారి, బరువు పెట్టి ఒకసారి వదిలి చూస్తాను. దానికి కొంచెం ఎత్తు కావాలి. మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంది. సుగుణకు ఇంకా చెప్పలేదు.

నీ
స్టీఫెన్

నాగర్‌కర్నూలు,
డిసెంబరు 22

నిజాం అన్నకు సుగుణమ్మ రాసేది.

ఈయన నీకు కాలు బెణికిందని రాస్తనంటుండు. బెణకలేదు అన్నా, ఇరిగింది. థర్మోకోల్ ఇమానం పట్కొని నీళ్ల ట్యాంకు ఎక్కిండు. నేను బట్టలారేస్తున్న. పైకెళ్లి “సుగుణా, జర చూస్తుండు” అని పిలిచిండు. నేను చూసేటాలకు ఇమానం జామచెట్టు మీద ఉన్నది, ఈయన మిద్దె మీద వడ్డడు. ఇమానానికి ఏం కాలే.

దవాఖానల డాక్టరు “ఎట్ల వడ్డవ్ పెద్దమనిషీ” అంటే “ముక్కు బరువు లెక్క తేల్చనీకె” అన్నడు. డాక్టరు ఆయన ముక్కు దిక్కు చూసి, మల్ల నా మొకం చూసిండు. నేనేం చెప్పాలె? ఇద్దరు దోస్తులకు కలిపి ఒకటే పిచ్చి ఉన్నదని చెప్పిన.

ఫిబ్రవరి అయ్యేదాక కాలు కింద పెట్టొద్దన్నరు. వనపర్తికి పోతనని రోజూ లొల్లి చేస్తుండు. నవ్వులాటకు రాస్తున్న గని అన్నా, ఆ ఇమానం పలిగితే ఈయన తట్టుకోడు. సర్వీసుల ఉన్నన్ని రోజులు పిల్లలకు దాని బొమ్మనే గీసి చూపించిండు. నువ్వన్న పోయి దగ్గరుండి చూడు.

జమీలా వదినెకు అడిగినట్టు చెప్పు.

సుగుణమ్మ

గద్వాల,
జనవరి 10

స్టీఫెన్,

నీ కాలు బెణికిన ఉత్తరం, సుగుణమ్మ రాసిన విరిగిన ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. నేను రెండోదాన్ని నమ్మాను. జమీలా నీ కోసం దువా చేస్తోంది, మధ్య మధ్య నవ్వు ఆపుకుంటోంది. అరవై నాలుగేళ్ల మనిషి నీళ్ల ట్యాంకు మీద నుంచి బొమ్మ వదలడం ఏంది అని నన్నడిగింది. నేను ఉండి ఉంటే కింద నుంచి నిచ్చెన పట్టుకునేవాణ్ణి అని చెప్పాను. అప్పటి నుంచి నాతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదు.

నీకు మంచి కబురు ఉంది. ప్లాస్టిక్ పోయింది. ఆ ముబషిరా గద్వాల వచ్చింది. ఘాటు మందులేవీ పనిచేయక, విసిగి ఒక మూల నీళ్లు తగిలించి చూసిందట, పట్టు మెత్తగా విడిపోయిందట. వేలికి అంటిన జిగురు చూసి, ఇది గంజి అని తనే కనిపెట్టి, గంజి పెట్టే చోటు ఏదని వెతుక్కుంటూ మన కిష్టయ్య ఇంటికే చేరింది. కిష్టయ్య లేడు, కొడుకు హన్మంతు నేస్తున్నాడు. పాతదంతా చీకిపోయిందట. పేరు రాసిన ముక్కను మాత్రం అలాగే ఉంచి, మిగతా రెక్కకు అదే వంగపండు రంగులో హన్మంతు దగ్గర పట్టు తీసుకుంది. మనం అనుకున్నంత తెలివి తక్కువది కాదు స్టీఫెన్.

నేను అక్కడికి ఎలా వెళ్లానంటావా? మగ్గాల వీధిలో కెమెరాలు వచ్చాయని వసీం చెబితే, చొక్కా మార్చుకుని, ఊరికే అటుగా పోతున్నట్టు పోయాను. రేడియోలు బాగుచేసేవాణ్ణని మాత్రం చెప్పాను. “అట్లయితే చాచా, ఫ్లైట్ రోజు వనపర్తికి రాండ్రి. రిసీవర్ బిగించెటప్పుడు జర చూస్తరు” అని నా చెవిలో గట్టిగా చెప్పింది. మన సంగతి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నువ్వు వద్దన్నావు కాబట్టి గుండ్ల ఊసు కూడా ఎత్తలేదు. ఎత్తితే నీకెట్ల తెలుసంటుంది.

వనపర్తికి నేను పోతాను. జమీలా కూడా వస్తానంటోంది, నన్ను ట్యాంకులు ఎక్కనివ్వకుండా చూడటానికి. మొన్న బీచుపల్లి వైపు పోయి వచ్చాను, వేరే పని మీద. కృష్ణలో నీళ్లు బాగున్నాయి.

నీ
నిజాముద్దీన్

నాగర్‌కర్నూలు,
జనవరి 20

నిజామూ,

నువ్వు పోతున్నావు కాబట్టి కొంచెం నిద్రపడుతోంది. ఒక్క మాట అడుగుతాను, కాదనకు. ఆ రోజు నాకు ఫోన్ చేయించొద్దు. వసీంతో వీడియో పంపించొద్దు. టీవీలో వచ్చేటప్పుడు కూడా నేను ముందు చూడను. అది లేచిందో కూలిందో నువ్వే కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా రాయి. ఆ రోజు మైదానంలో దాని వెనక పరుగెత్తింది మనిద్దరమే. మిగిలిన సగం కూడా నీ నుంచే తెలియాలి. నీకు చెవి లేదు, నాకు కాలు లేదు, ఉన్న కళ్లు నీవి కాబట్టి జాగ్రత్తగా చూడు.

ఇంకొకటి. అక్కడ దేన్నీ ముట్టుకోకు. మనం చూడటానికి వచ్చినవాళ్లం అంతే. ఆ అమ్మాయి పనిలో చెయ్యి పెట్టడం మర్యాద కాదు.

సుగుణను ఇప్పుడే పోస్టాఫీసుకు పంపాను, వేరే పని మీద.

నీ
స్టీఫెన్

గద్వాల,
ఫిబ్రవరి 16

స్టీఫెన్,

మొదటి నుంచి చివరిదాకా రాయమన్నావు. చివరి సంగతి కోసం కింది పేరాలోకి దూకకు. దూకుతావని తెలుసు, అందుకే ఈ కాగితం రెండో వైపు రాశాను. ముందు ఇది చదువు.

జమీలా, నేను పొద్దున బస్సెక్కి, కొత్తకోటలో దిగి చాయ్ తాగి, ఎండ ముదరకముందే వనపర్తి చేరాం. మైదానం చుట్టూ ఇళ్లు లేచాయి గానీ గాలి మాత్రం అదే గాలి. బల్ల మీద గిజిగాడు ఉంది. నేను దగ్గరికి పోలేకపోయాను కాసేపు. కొత్త పట్టు ఎండలో మెరుస్తోంది, రెక్క కింద నీ అక్షరాలు పాత ముక్క మీద అలాగే ఉన్నాయి. మనం చేసినప్పటి కంటే బాగుంది. ఇది నిజం, కోపం తెచ్చుకోకు.

ఇక నేను చేసిన పని చెబుతాను. రిసీవర్ చూడమని ముబషిరా నా చేతికిచ్చి అటు తిరిగింది. నా జేబులో బీచుపల్లి గుండ్లు ఉన్నాయి. పాతవి ఎన్ని ఉండేవో వేళ్లకు గుర్తుంది. చిన్న గుడ్డలో కట్టి, ముక్కు లోపల వైర్ల వెనక తోసేశాను. ముట్టుకోవద్దన్నావు, నాకు గుర్తుంది. కానీ అది నా కళ్ల ముందు కూలితే నీకు ఉత్తరం ఏ చేత్తో రాయను?

తర్వాత ఆమె వచ్చి విమానాన్ని తీసుకుని, రెక్క కింద రెండు వేళ్లు పెట్టి నిలబెట్టింది, అచ్చం మనం చేసినట్టే. ముక్కు కిందికి వాలింది. “నిన్న బరాబర్ ఉండె గదా” అని మూత విప్పింది. బ్యాటరీ ముక్కులోనే ఉంది స్టీఫెన్. పాత ఇంజను, గుండ్లు కలిపి ఎంత తూగుతాయో అంత బ్యాటరీ చూసి పెట్టింది. ఆ గుండ్లు చెత్త కాదని ఆమె మొదటి వారమే తెలుసుకుందట, టీవీలో ఆ ముక్క కత్తిరించేశారట. నేను పెట్టిన బరువుతో లేచి ఉంటే ముక్కు మీద పడి పగిలేది. మనం కాపాడాలనుకున్నదాన్ని నా చేత్తోనే కూల్చేవాణ్ణి.

మూట పైకి తీసి, “చాచా, గీ గుండ్లు మీరేనా పెట్టింది?” అంది. నాకు వినపడలేదన్నట్టు ఆకాశం కేసి చూశాను. ఈ చెవుడు ఇన్నాళ్లకు ఒకసారి పనికొచ్చింది. అప్పుడామె సంచిలోంచి ఇంకో పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. డ్రాయింగ్ కాగితంలో చుట్టిన సీసం, పైన ‘ముక్కులో పెట్టగలరు, ఇట్లు ఒక ప్రేక్షకుడు’ అని రాసి ఉంది. ‘గ’ మీద తోక ఉంది. నాకు మర్యాద నేర్పిన పెద్దమనిషి, పోస్టాఫీసులో వేరే పని ఉన్న పెద్దమనిషి. ఆమె విమానం తిరగేసి రెక్క కింద పేరు, పక్కన నీ కాగితం పెట్టి చూపిస్తూ, “ఈ ప్రేక్షకుడు ఎవరు చాచా? మీరెవరు?” అని అడిగింది.

ఇక దాచడానికి ఏముంది? ఒకణ్ణి నేను, ఇంకొకడు నాగర్‌కర్నూలులో కాలు విరగ్గొట్టుకుని పడుకున్నాడు అని చెప్పాను. కెమెరాలన్నీ నా మీదికి వచ్చాయి. వయొలిన్ లేదు, భయపడకు.

జనంలోంచి ఒక ముసలామె లేచి వచ్చింది. రామచంద్రయ్య భార్య బాలమ్మ. ఆయన పోయినేడు కాలం చేశాడట. “మీదేనా సారూ? జర చెప్పి పోతే తెచ్చిస్తుంటిమి గదా. ఎన్నేండ్లు దాస్తిమి. దాని పట్టుతోని నేను రైక కుట్టించుకుంటనంటె మా ఆయన వద్దనె” అని నా చెయ్యి పట్టుకుంది. జమీలా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అప్పటి నుంచి ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు.

చేతితో విసరమని ముబషిరా నన్నడిగింది. విసిరేది ఎప్పుడూ స్టీఫెనే, నేను కాదు అన్నాను. అందుకని నేల మీద నుంచే లేపింది.

లేచింది. నాలుగు గజాలు ఉరికి తేలిగ్గా లేచింది. కరెంటు మోటారుకు చప్పుడు లేదు, జనమంతా తలలెత్తి చూస్తున్నారు. మొదటిసారి మైదానంలో అందరికీ నాకు వినపడినంతే వినపడింది. చాలా ఎత్తుకు పోయింది, పట్టులోంచి ఎండ కనబడేంత. నాకు పాత భయం పట్టుకుంది, ఇప్పుడు పోతుంది, అటే పాన్‌గల్ వైపు పోతుంది అని. ముబషిరా మోటారు ఆపేసింది. గిజిగాడు గుండ్రంగా తిరుగుతూ, ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం కిందికి వస్తూ, మా ముందు నుంచి పోయి, మళ్లీ వచ్చి, గడ్డి మీద దిగింది. రెండు చక్రాలూ ఒకేసారి తాకాయి. కాస్త దూరం దొర్లి ఆగింది. ఏమీ విరగలేదు.

దిగింది స్టీఫెన్. నేను చూశాను. నేను ఏడ్చాను కూడా, కానీ కెమెరాలన్నీ విమానం మీద ఉన్నాయి కాబట్టి అది టీవీలో రాదు.

అప్పుడు బాలమ్మ అన్న మాట నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “గప్పుడు గూడ గిట్లనే దిగింది సారూ. నేను పల్లి చేన్ల కలుపు తీస్తున్న. సప్పుడు లేదు, ఏం లేదు. గద్దలు తిరుగుతున్నయి, వాటి నడుమ ఇది తిరుక్కుంట తిరుక్కుంట వచ్చి నా ముంగట కొంగ దిగినట్టు దిగింది.”

విన్నావా? చప్పుడు లేదంటే ఇంజను ఎప్పుడో ఆగిపోయింది, నువ్వు ఎక్కువ పొయ్యలేదు. తిరుగుతూ వచ్చిందంటే చుక్కాని వంచే ఉంది, నేను నేరుగా వదల్లేదు. ఎండకు నేల కాగి గాలి పైకి లేస్తుంటే, గద్దలు రెక్కలాడించకుండా అందులో తిరుగుతాయి కదా, ఇది కూడా వాటితో కలిసి పోయిందని ముబషిరా చెప్పింది. అంత తేలిగ్గా, అంత సరిగ్గా చేశారు కాబట్టే పోయింది చాచా అంది. మనిద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. నలభై అయిదేళ్లు ఊరికే తిట్టుకున్నాం.

విమానం మనకే ఇస్తానంటోంది. నిన్నడిగి చెబుతానన్నాను.

నీ
నిజాముద్దీన్

నాగర్‌కర్నూలు,
మార్చి 5

నిజామూ,

నువ్వు అనుకున్నట్టే ముందు కాగితం రెండో వైపు తిప్పాను. ‘దిగింది స్టీఫెన్’ దగ్గర ఆగిపోయాను. సుగుణ వంటింట్లోంచి వచ్చి, నా మొకం చూసి విమానం పగిలిందనుకుని పక్కన కూర్చుంది. ఉత్తరం చేతికిచ్చాను. ఆమె పైకి చదివింది, మళ్లీ చదవమన్నాను. బాలమ్మ మాటలు మూడోసారి చదివించుకున్నాను. కెమెరాల ముందు ఏడవనన్నాను గానీ మా ఇంట్లో కెమెరాలు లేవు.

పొట్లం సంగతి మర్చిపో. నువ్వు ముట్టుకుంటావని తెలిసే, నిన్ను నమ్మలేక పంపాను. నీ గుండ్లు, నా సీసం రెండూ కలిపి పడి ఉంటే ఆ విమానం నేల లోపలికి దిగేది.

గిజిగాడిని బాలమ్మకే ఇమ్మను. మన దగ్గర అది ఉన్నది ఒక్క ఎండాకాలం, ఆమె దగ్గర ఒక జీవితం ఉంది. కొత్త ఇంట్లో అటక మీద కాకుండా ముందు గదిలో పెట్టుకోమను. రైక కోసం వంగపండు రంగు పట్టు ఒకటి హన్మంతు దగ్గర తీసి పెట్టు, నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఇద్దాం. నాకు ఆ పల్లి చేను చూడాలని ఉంది. అది దిగిన చోట కాసేపు నిలబడాలి.

చుక్కాని నువ్వు వంచే పెట్టావు. నలభై అయిదేళ్లు నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరం పూర్తయ్యాక నాకు కొంచెం దిగులు కూడా వేసింది నిజామూ. ఇన్నేళ్లు ఏ పెళ్లిలో కలిసినా, ఏ చావుకు కలిసినా మనం మొదట మాట్లాడుకున్నది ఆ మాటే. ఇక కలిస్తే ఏం మాట్లాడుకుంటామో తెలియలేదు.

నిన్న టీవీలో చివరి భాగం వచ్చింది. ఇప్పుడు చూడొచ్చు కదా అని చూశాను. దిగే చోట సుగుణతో ఆపించి, వెనక్కి తిప్పించి, మెల్లగా నడిపించి చూశాను. రెండు చక్రాలూ ఒకేసారి తాకాయని రాశావు. లేదు. ఎడమ చక్రం ముందు తాకింది, కుడిది తర్వాత తాకింది. ఆ చక్రాల తీగ వంచింది నువ్వు. కుడి వైపు ఎక్కువ వంచావు, అప్పుడే చెప్పాను.

వచ్చే వారం కట్టు విప్పుతారు. పాన్‌గల్‌కు పట్టకారు తెచ్చుకో.

నీ
స్టీఫెన్